వంశగణితవేత్త హాల్డేను

కృష్ణాతీరమున యోగానంద నరసింహస్వామి వెలసిన వేదాద్రి మొదలుకొని జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంతము వఱకు ఏ గ్రామమున చూచినను, పెండ్లిమాట పుట్టినతోడనే పెద్దలు విచారించునవి రెండు. గోత్రము ఒకటి, మేనరికము రెండవది. గోత్రము కలిసినచో సంబంధము పనికిరాదు. మేనరికము కలిసినచో వేఱు సంబంధము వెదకనక్కఱలేదు. మేనమామ కూతును పెండ్లాడుట దక్షిణదేశీయుల ప్రత్యేకాచారమని బౌధాయనుడు తన ధర్మసూత్రములలోనే పేర్కొనియున్నాడు. కుంతి సోదరుడు వసుదేవుడు; వసుదేవుని పుత్రిక సుభద్ర; కావున అర్జునుడు చేసికొన్నదియు మేనరికమే. ఆచారము ప్రాచీనమే కాని, దానివలన సంతతికి గలుగు లాభనష్టములను లెక్కగట్టు శాస్త్రము మాత్రము ఇరువదవ శతాబ్దమున పుట్టినది. ఆ శాస్త్రమునకు గణితమను పునాదిని వేసినవారు ముగ్గురు. అమెరికాదేశమున సీవాల్ రైటు, ఇంగ్లండున రొనాల్డు ఫిషరు, జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను. వీరిలో హాల్డేనుతో తెలుగువారికి గల సంబంధము పుస్తకసంబంధము మాత్రమే కాదు. ఆయన పుట్టినది ఆక్స్‌ఫర్డున; దేహము చేరినది కాకినాడకు.

హాల్డేను 1892 నవంబరు 5వ తేదీన జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శ్వాసక్రియను గూర్చి పరిశోధించి ప్రసిద్ధికెక్కిన శాస్త్రజ్ఞుడు. బొగ్గుగనులలో విషవాయువు సోకి కూలీలు మరణించుచుండగా, చిన్న పక్షులను పంజరములలో వెంటగొనిపోయి వాని స్థితినిబట్టి ముందుగా ప్రమాదము గుర్తింపవచ్చునని ఉపాయము చెప్పినవాడు ఆతడే. పసివాడైన కుమారుని ఆ గనులలోనికి దింపి వాయుభేదములు అనుభవపూర్వకముగ నేర్పెడివాడు. తన శరీరముమీదనే ముందు ప్రయోగము చేసికొని పిమ్మట ఇతరులకు చెప్పుట ఆ యింటి సంప్రదాయము.

1901లో ఆ బాలునికి ఎనిమిదేండ్లు. తండ్రితో కూడ ఒక సాయంకాలము ఉపన్యాసమునకు బోయెను. అందు చెప్పబడినది మెండెలు సిద్ధాంతము. మెండెలు ఆస్ట్రియా సామ్రాజ్యములోని బ్రున్ పట్టణమున ఒక మఠమున సన్న్యాసి. మఠపు తోటలో బఠాణిమొక్కలను పెంచి, వేర్వేఱు లక్షణములు గలవానిని సంకరముచేసి, ఎన్నియో వేల మొక్కలను లెక్కించి, 1866లో ఫలితములు ప్రకటించినను లోకము పట్టించుకొనలేదు. ఆయన గతించిన పదునాఱేండ్లకు, 1900లో, దాని విలువ బయటపడినది.

మెండెలు కనుగొన్న విషయము పొలము దస్త్రములు ఎఱిగినవారికి సులభముగనే బోధపడును. గుండ్రని గింజల జాతిని, ముడుతలుపడిన గింజల జాతిని సంకరము చేయగా మొదటితరమున అన్నియు గుండ్రని గింజలే కాచెను. వానిని తమలో తామే పరాగమంద విడువగా రెండవతరమున వచ్చిన 7,324 గింజలలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలుపడినవి. అనగా ఇంచుమించు మూటికి ఒకటి. మొదటితరమున నశించెననుకొన్న ముడుత రెండవతరమున చెక్కుచెదరక మరల వచ్చినది. కారణమేమనగా, ప్రతి లక్షణమునకును ప్రతి జీవియందు రెండేసి జన్యువులుండును. తల్లివాటా ఒకటి, తండ్రివాటా ఒకటి. సంతతికిచ్చునప్పుడు ఆ రెంటిలో ఒకటి మాత్రమే పోవును. ఏది పోవుననుటకు నియమము లేదు. రెండును వేఱైనచో ఒకటి పైకి కనబడును, ఇంకొకటి అణగియుండును. మొదటిది బహిర్గతము, రెండవది అంతర్గతము. ఉమ్మడి ఖాతాలో ఒకరి పేరే అడంగలుకెక్కినను రెండవవాని హక్కు పోనట్లు, అంతర్గతమైన జన్యువు తరతరములు కనబడకయే నడచి, తనవంటి మఱియొకదానితో కలిసినదినమున బయటపడును.

రక్తములు పాలునీళ్లవలె కలిసిపోవునని లోకమున వాడుక. మెండెలు చూపినది దానికి విరుద్ధము. కలిసిపోవునది ఏదియు లేదు. ఎన్ని చేతులు మాఱినను నాణెము నాణెముగనే యుండును. హాల్డేను జీవితమంతయు ఈ నాణెములను లెక్కించుటలోనే గడచినదనవచ్చును.

ఆయన చెల్లెలు నయోమి, తరువాతికాలమున ప్రసిద్ధ రచయిత్రి. అన్నాచెల్లెండ్రిద్దఱును ఇంటితోటలో గినీపందులను పెంచి వాని రంగులు తరతరములు వ్రాసికొనెడివారు. పిమ్మట ఎలుకలను బట్టిరి. కొన్ని జన్యువులు ఒకదానితో ఒకటి ముడివడినట్లు కలిసి సంతతికి పోవుచున్నవని ఆ యెలుకల లెక్కలలో తేలినది. క్షీరజంతువులలో ఈ సహలగ్నతను చూపుట అదియే ప్రథమము. 1915లో ఆ వ్యాసము వెలువడునప్పటికి హాల్డేను ఫ్రాన్సు యుద్ధరంగమున బాంబులు విసరు సైనికాధికారి. వ్యాసమున మూడవ భాగస్వామియైన స్ప్రంటు అను మిత్రుడు ఆ యుద్ధముననే మరణించెను.

ఇచట ఒక విశేషము చెప్పవలసియున్నది. ఈ మహాశాస్త్రజ్ఞునికి విజ్ఞానశాస్త్రమున పట్టమే లేదు. ఆక్స్‌ఫర్డున ఆయన చదివినది ముందు గణితము, పిమ్మట గ్రీకు, లాటిన్ సాహిత్యము, తత్త్వము. 1914లో అందు ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడయ్యెను. ప్రాచీనకావ్యములు చదువువాడు శాస్త్రమునకు పనికిరాడను మాటకు ఇంతకుమించిన సమాధానము అక్కఱలేదు.

మెసపొటేమియాలో గాయపడి, చికిత్సకై 1917లో భారతదేశమునకు వచ్చెను. పరిపాలకుల సైనికుడుగ వచ్చినను ఈ దేశముపై ఆయనకు మక్కువ కలిగినది. పాలితుల దేశమున ప్రభువుగా తిరుగుట రుచింపక, మరల వచ్చినచో సమానుడుగనే రావలెనని భావించినట్లు ఆయన చరిత్రకారులు చెప్పుదురు. ఆ రాక నలువదేండ్లకు గాని జరుగలేదు.

యుద్ధానంతరము 1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయనశాస్త్రమున ఉపాధ్యాయుడుగ చేరెను. ఆ మఱుసటి యేడు మొదలుకొని, ప్రకృతివరణమును గణితసూత్రములలోనికి దింపుచు వరుసగా వ్యాసములు ప్రకటించెను. డార్విను చెప్పిన వరణము ఎంత వేగముతో జరుగునని అంతవఱకు లెక్కగట్టినవారు అరుదు. మాంచెస్టరు ప్రాంతమున పొగగొట్టముల మసి చెట్లకంటి, తెల్లని రెక్కలుగల ఒక జాతి సీతాకోకచిలుకలు తగ్గి నల్లనివి పెరిగెను. అర్ధశతాబ్దములో ఇట్టి మార్పు రావలెనన్నచో, నల్లవానికి తెల్లవానికంటె సగము హెచ్చుగ సంతానము మిగిలియుండవలెనని హాల్డేను కాగితముపైననే తేల్చెను. అంత తీవ్రమైన వరణము నమ్మదగినది కాదనుకొన్నవారు, పిమ్మట ముప్పదియేండ్లకు అడవులలో జరిగిన పరిశీలనలను చూచి అంగీకరింపవలసివచ్చినది. ఒంగోలుజాతి ఆబోతును మూపురము, కొమ్ము, నడక చూచి ఏరి మందలోనికి విడుచు రైతు చేయునదియు వరణమే. రైతు కంటితో చేయుపనికి హాల్డేను కాలమానము కట్టినాడు.

1933లో లండను యూనివర్సిటీ కాలేజీకి ఆచార్యుడై వెళ్లినపిమ్మట ఆయన దృష్టి మానవుల వంశవృక్షములపై నిలిచెను. గాయమైనచో రక్తము గడ్డకట్టని హీమోఫీలియా యను వ్యాధి విక్టోరియారాణి సంతతి ద్వారా ఐరోపారాజవంశములకు ప్రాకిన సంగతి చరిత్ర చదివినవారికి తెలిసినదే. వ్యాధి సోకునది కొడుకులకు, మోయునది కూతుండ్రు. ఇది యెట్లనగా, ప్రతి మనిషి జీవకణములందును ఇరువదిమూడు జతల క్రోమోజోములు గలవు. జన్యువులు వానిపై పూసలవలె కూర్పబడియుండును. వానిలో ఒక జత లింగమును నిర్ణయించును. స్త్రీకి రెండును ఎక్స్ అనబడునవే. పురుషునికి ఒకటి ఎక్స్, రెండవది వై. కొడుకునకు ఎక్స్ తల్లినుండియే రావలెను. దానియందు దోషమున్నచో కప్పుటకు జతగా రెండవ ఎక్స్ లేదు గనుక వ్యాధి బయటపడును. ఎఱుపు ఆకుపచ్చల భేదము తెలియని వర్ణాంధత్వమునకును ఇదియే దారి. ఈ రెండు జన్యువులును ఒకే క్రోమోజోముపై సమీపమున నున్నవని 1937లో జూలియా బెల్ అను విదుషీమణితో కలిసి హాల్డేను నిరూపించెను. అంతకు రెండేండ్లు ముందే, హీమోఫీలియా జన్యువు క్రొత్తగా పుట్టు వేగము తరమునకు ఇంచుమించు ఏబదివేలకు ఒకటియని గణించియుండెను. మానవజన్యువు మాఱు వేగమును అంకెలో పెట్టుట అదియే మొదలు.

ఈ ఎక్స్, వైల సంగతి పండితులకే పరిమితము కాదగినది కాదు. వరుసగా ఆడుపిల్లలను కన్నదని కోడలిని నిందించి, కొడుకునకు రెండవ పెండ్లి తలపెట్టిన కుటుంబములు ఏ తాలూకాలో లేవు? తల్లి ఈయగలిగినది ఎక్స్ మాత్రమే. బిడ్డ ఆడో మగయో నిర్ణయించునది తండ్రినుండి వచ్చు ఎక్స్ గాని వై గాని. నింద పడవలసిన చోటున పడక వేల యేండ్లుగ వేఱొకచోట పడుచున్నది. నిజమునకు అది ఎవరి చేతిలోని పనియు కాదు. తండ్రినుండి కొడుకునకు, కొడుకునుండి మనుమనికి అవిచ్ఛిన్నముగ నడచు వై క్రోమోజోము నడక మన గోత్రపు నడకను పోలియుండుట మాత్రము ఆశ్చర్యకరము.

గుణములు వర్ణించుచు దోషములు దాచుట చరిత్రకారునికి తగదు. హాల్డేను సామ్యవాది. రష్యాలో లైసెంకో యనునాతడు మెండెలు సిద్ధాంతమును బూర్జువాల కల్పనయని త్రోసిపుచ్చి, అధికారబలముతో జన్యుశాస్త్రజ్ఞులను వేటాడించెను. 1928లో హాల్డేనును రష్యాకు ఆహ్వానించిన మహాపండితుడు వావిలోవు 1943లో చెరసాలలో మరణించెను. ఇంత జరిగియు హాల్డేను లైసెంకోను చాలకాలము సూటిగా ఖండింపక, అటునిటు తూచి మాటలాడెను. పిమ్మట పార్టీకి దూరమయ్యెను గాని, పలుకవలసిననాడు పలుకకపోవుట ఆయన కీర్తిపై మచ్చయే.

ధైర్యములేనివాడా యనిన, కాదు. 1939లో థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణింపగా, నీటి అడుగున మనిషి ఎంత ఒత్తిడిని, ఎట్టి వాయువును సహింపగలడో తెలిసికొనుటకు ఇనుపగదులలో తానే కూర్చుండెను. మూర్ఛలు వచ్చినవి, కర్ణభేరి పగిలినది, వెన్నెముకకు గాయమయ్యెను. అయినను మానలేదు.

ఆయన ఊహలలో ఒకటి మన మన్యప్రాంతములకును వర్తించునది. మధ్యధరాతీరమున థాలసీమియా యను రక్తదోషము అంత విస్తారముగ నుండుటకు కారణమేమని 1949లో ఆలోచించి, ఆ జన్యువు ఒకటే యున్నవారికి మలేరియా జ్వరమునుండి కొంత రక్షణ గలుగుచుండవలెనని సూచించెను. రెండు చేరినచో ప్రాణాంతకము, ఒకటి యున్నచో కవచము. ఆఫ్రికాలో సికిల్ సెల్ దోషము విషయమున ఈ మాట సత్యమని 1954లో అలిసన్ అను వైద్యుడు చూపెను. ఆంధ్రదేశపు ఏజెన్సీ గిరిజనులలో సికిల్ సెల్ దోషము ఉండుట, ఆ కొండలు మలేరియాకు ఆటపట్టగుట తెలిసినవారికి ఈ లెక్క విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. మంచిజన్యువు, చెడ్డజన్యువు అను విభాగము దేశకాలములనుబట్టి మాఱునది. రక్తశుద్ధి పేరిట జాతులను హెచ్చుతగ్గులుగ ఎంచి మారణహోమము సాగించిన నాజీలను హాల్డేను తీవ్రముగ ఎదిరించుటకు ఇట్టి జ్ఞానమే ఆధారము.

1956లో ఇంగ్లండు సూయజ్ కాలువకై ఈజిప్టుపై దండెత్తెను. అట్టి ప్రభుత్వపు నీడన నుండనొల్లక, 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కూడ హాల్డేను భారతదేశమునకు తరలివచ్చెను. ఆమెయు జీవశాస్త్రజ్ఞురాలే. మహలనోబిసు ఆచార్యుడు కలకత్తాలో నెలకొల్పిన గణాంకశాస్త్ర సంస్థలో ఇరువురును చేరిరి. తాను సంపాదకుడుగ నున్న జన్యుశాస్త్రపత్రికనుగూడ వెంటదెచ్చి ఇక్కడినుండియే ప్రకటింపసాగెను. ధోవతి, లాల్చీ కట్టెను, మాంసము మానెను, భారతపౌరుడయ్యెను. మదరాసు హిందూపత్రికలో సామాన్యులకు బోధపడునట్లు శాస్త్రవ్యాసములు వ్రాసెను.

ఖరీదైన యంత్రములు లేనిదే పరిశోధన సాగదను నెపమును ఆయన ఒప్పుకొనలేదు. లెక్కించుటకు కన్నులు, వ్రాయుటకు కాగితము చాలును. రాయ్ అను శిష్యుడు పారిజాతపు పూల రేకులను దినదినము లెక్కించెను. డేవిస్ అనునాతడు కొబ్బరిచెట్టు మట్టలు కొన్ని చెట్లలో కుడివైపునకు, కొన్నింటిలో ఎడమవైపునకు సుడి తిరిగియుండుటను గమనించి, కుడిసుడి చెట్ల పిల్లలకు కుడిసుడియే వచ్చునా యని వెదకెను. రాలేదు, తల్లిచెట్టు ఏదైనను పిల్లలలో రెండు రకములును ఇంచుమించు సమానముగ వచ్చెను. కంటికి కనబడు ప్రతి భేదమును వంశపారంపర్యము కాదని తెలియుటయు జ్ఞానమే.

శిష్యులలో పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ముఖ్యుడు. కొన్ని తెలుగుకుటుంబములలో పురుషుల చెవులపై దట్టముగ వెండ్రుకలు మొలచుటను పరిశీలించి, అది తండ్రినుండి కొడుకునకే వచ్చుచున్నది గావున వై క్రోమోజోముపైని జన్యువు కావచ్చునని 1960లో ఆతడు వ్రాసెను. పాఠ్యగ్రంథములలో ఆ మాట చాలకాలము నిలిచినది. అయితే 2004లో, చెవివెండ్రుకలు గల దక్షిణభారతపురుషుల వై క్రోమోజోములనే పరీక్షించి, సంబంధము లేదని తేల్చిరి. శాస్త్రమున గురువుమాటయైనను శిష్యునిమాటయైనను లెక్కకు లోబడవలసినదే.

ఇక మేనరికము. హాల్డేను ప్రోత్సాహముతో ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాను అను వైద్యుడు కలిసి ఆంధ్రదేశమున దగ్గఱిచుట్టముల వివాహములను గూర్చి సమాచారము సేకరించి 1963లో వ్యాసములు ప్రకటించిరి. ఉత్తరదేశపు హిందువులలో అరుదైన ఈ వివాహములు తెలుగునాట విరివిగా నుండుట, జన్యుశాస్త్రమునకు మఱెక్కడను దొరకని అవకాశమని హాల్డేను గ్రహించెను. 1955నాటి హిందూవివాహచట్టము ఇట్టి సంబంధములను నిషేధించుచునే, ఆచారమున్నచోట అనుమతించుచున్నది. చట్టము ఆచారమునకు విడిచినదానిని గణితము ఏమనునో చూడవలెను.

మన పాతలెక్కలలో అఱువదినాల్గవవంతు కాని, పదాఱవవంతు వీసము, ఎనిమిదవవంతు పరక. వధూవరులు మేనమామ మేనత్త బిడ్డలైనచో వారికి తాతయు అవ్వయు ఉమ్మడి. ఆ దంపతులిద్దఱికిని ఒక్కొక్క లక్షణమునకు రెండేసిగ నాలుగు జన్యువులు. అందొక జన్యువు బిడ్డద్వారా మనుమనికి వచ్చు అవకాశము పావు. మనుమరాలికి వచ్చుటయు పావు. ఇద్దఱికిని వచ్చుట వీసము. ఆ యిద్దఱును దానినే తమ శిశువునకిచ్చుట వీసములో పావు, అనగా కాని. జన్యువులు నాలుగు గనుక నాలుగు కానులు, మొత్తము వీసము. అక్కకూతును చేసికొన్న మేనమామ బిడ్డకు దీనికి రెట్టింపు, పరక.

ఈ వీసమునకు అర్థము పదాఱుగురిలో ఒకనికి వ్యాధి యని కాదు. ఏదైన ఒక జన్యుస్థానమున రెండు ప్రతులును ఒకే పూర్వునివి యగు అవకాశము మాత్రమే. ఆ పూర్వునియందు అణగియున్న దోషమున్నప్పుడే చిక్కు. ఒక దోషమును నూటికొకరు మోయుచున్నారనుకొందము. పరాయివారు పెండ్లాడినచో బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నలువదివేలకు ఒకటి. మేనరికమైనచో ఇంచుమించు మూడువేల రెండువందలకు ఒకటి. పండ్రెండు రెట్లకు పైమాట. అన్ని దోషములును కలిపి చూచినచో, ఏ దంపతులకైనను నూటికి రెండు మూడు జననములలో ఏదియో తీవ్రలోపముండును. మేనరికమున ఇంకొక రెండు మూడు చేరును. నూటికి తొంబదినాలుగు అయిదుగురు బిడ్డలు సుఖముగనే పుట్టుచున్నారు గనుకనే ఆచారము నిలిచినది. మిగిలినవారి తల్లిదండ్రులు గ్రహదోషమనియు పూర్వజన్మఫలమనియు దుఃఖించిరి. ఒకే యింట ఇద్దఱు మూగచెవిటి బిడ్డలు పుట్టిన మేనరికములు చూచినవారికి ఈ స్వల్పపు అంకె స్వల్పముగ తోపదు.

ధృతరాష్ట్రుని అంధత్వమునకు వ్యాసుని జూచి అంబిక కనులు మూసికొనుటను భారతము కారణముగ చెప్పును. కథను కథగానే యుంచి చూచినను ఒక మాట గమనింపదగినది. గాంధారి దూరదేశపు కన్య, పుట్టినవారందఱును చూపుగలవారే.

చుట్టఱికపు వాటాలను గూర్చి హాల్డేను హాస్యమాడినట్లు ఒక ప్రతీతి గలదు. సోదరునియందు తన జన్యువులలో సగము, జ్ఞాతిసోదరునియందు పరక ఉండును గావున, ఇద్దఱు సోదరులకై గాని ఎనమండుగురు జ్ఞాతులకై గాని ప్రాణమిచ్చినచో జమాఖర్చు సరిపోవునని ఆయన లెక్క.

కలకత్తా సంస్థవారితో అభిప్రాయభేదములు గలిగి 1961లో దానిని విడిచెను. 1962లో ఒరిస్సాప్రభుత్వము ఆదరింపగా భువనేశ్వరమున జన్యుశాస్త్ర పరిశోధనాలయము నెలకొల్పెను. అది కుదురుకొనునంతలోనే క్యాన్సరు వ్యాధి బయటపడినది. లండనుకు బోయి శస్త్రచికిత్స చేయించుకొనెను. ఆస్పత్రి మంచముపైననే ఆ వ్యాధిని పరిహసించుచు, అనుమానము కలిగినచో ఆలసింపక వైద్యునివద్దకు పొండని చెప్పు పద్యములు వ్రాసి ప్రకటించెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున కన్నుమూసెను.

తన దేహమును దహింపవద్దనియు, వైద్యవిద్యార్థుల ఉపయోగమునకు 1958లో స్థాపింపబడిన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇయ్యవలెననియు ముందే మరణశాసనము వ్రాసియుంచెను. దధీచి తన యెముకలను దేవతలకిచ్చెనని చదివిన దేశమున, ఆ రోజులలో శవమును కోతకిచ్చుటకు సిద్ధపడినవారు అరుదు. భువనేశ్వరమునుండి ఆ దేహము కాకినాడకు చేరినది. ఆయన కోరినట్లే అచటి విద్యార్థుల చదువునకు వినియోగపడినది.